నీళ్ళు తోడొద్దన్న భూలక్ష్మి

ఫిలింనగర్‌లో కొండలు కట్టేవాళ్ళకు కొదవ లేదు. వెదురు బద్దలు, గోనెపట్టాలు, ప్లాస్టర్, నాలుగు డబ్బాల రంగు ఇస్తే చాలు, సాయంత్రానికల్లా హిమాలయాలు నిలబెట్టి, వాటిమీద మంచు కూడా చల్లి చేతులు దులుపుకునేవాళ్ళు వీధికి ఇద్దరు దొరుకుతారు. కానీ కొండ ఎలా కూలుతుందో తెలిసి కొండను కట్టే మనిషి మాత్రం ఒక్కతే. ఆమె పేరు భూలక్ష్మి. వయసు నలభై ఏడు.

ఆర్ట్ డైరెక్టర్ వెంకటేశ్వరరావు గారి దగ్గర ఆమె పన్నెండేళ్ళుగా సెట్టు పని చేస్తోంది. ఆమె కట్టిన గుట్టమీద హీరో గుర్రంతో సహా ఎక్కినా పెచ్చు రాలదు. అందులో మాయేమీ లేదు, అంతా బంక నీళ్ళ మహిమ. మట్టి పరిచిన ప్రతి చోటా నీళ్ళలో కలిపిన బంకను పిచికారీతో కొడుతుంది. ఆరేసరికి ఆ మట్టి రాయిలా బిగుసుకుంటుంది. ఇక లైట్ల వేడికి పగలదు, డాన్సర్ల కాళ్ళకింద జారదు. ఈ పని ఎంత అలవాటైపోయిందంటే, వాకిట్లో ముగ్గు వేసినా ఆమె చెయ్యి పిచికారీ కోసం వెతుక్కుంటుందని భర్త హనుమంతు ఎగతాళి చేస్తుంటాడు.

అంతకు ముందు ఆమెవి నిజమైన గట్లు. గోదావరి దిక్కున ఒక బొగ్గు ఊళ్ళో, ఓపెన్‌కాస్ట్ గనిలో, మట్టి తీసే కాంట్రాక్టరు కింద పని. ఆ గనిని అందరూ మూడో గుంత అనేవారు. నేలను పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ బొగ్గు దాకా పోతారు, తీసిన మట్టిని పక్కనే కుప్ప పోస్తారు. ఏళ్ళు గడిచేసరికి ఆ కుప్పే ఒక గుట్ట అవుతుంది. ఆ గట్లమీద పగుళ్ళు కనిపెట్టడం భూలక్ష్మి కొలువు. పగులుకు ఇటొక మేకు, అటొక మేకు కొట్టి, రోజూ పొద్దున్నే టేపు పెట్టి మధ్య దూరం కొలిచేది. నిన్నటికన్నా పెరిగితే ఎర్ర జెండా ఎత్తి బండ్లు ఆపేది.

హనుమంతు అప్పుడు ఆ గనిలో మట్టి మోసే డంపర్ లారీ నడిపేవాడు. ఒకనాడు పొద్దున అతని బండికి అడ్డంగా ఎర్ర జెండా లేచింది.

“జెండా తీస్తవా, నీ మీదికెల్లి ఎక్కియ్యమంటవా?” అని అరిచాడు పైనుంచి.

“ఎక్కియ్యి. నువ్వు దిగేటాల్లకు గట్టు గూడ నీతోనే దిగుతది,” అంది భూలక్ష్మి, జెండా దించకుండానే.

తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పాడు. మధ్యాహ్నం అన్నం వేళకు, అతను వెళ్ళవలసిన చోటు ఇరవై గజాల మేర కిందికి జారిపోయింది. మర్నాడు హనుమంతు అర కిలో జిలేబీ పొట్లం పట్టుకొచ్చి, ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. జిలేబీ ఇంకా వేడిగా ఉంది. ఆరు నెలలకు పెళ్ళయింది.

తర్వాత బొగ్గు అయిపోయింది. కాంట్రాక్టరు మూట కట్టుకుని పోయాడు. గుంతలో నీళ్ళు తోడే పంపులు ఆగాయి. ఆలుమగలిద్దరూ హైదరాబాద్ వచ్చి, ఫిలింనగర్ బస్తీలో బండరాయి మీద యాభై ఎనిమిది మెట్లెక్కితే వచ్చే ఒక గది కిరాయికి తీసుకున్నారు. హనుమంతు సినిమా కంపెనీ వ్యాను నడుపుతాడు. భూలక్ష్మి కొండలు కడుతుంది. ఆమె లేనిదే రావు గారికి చెయ్యి ఆడదు, కానీ పన్నెండేళ్ళలో ఒక్క సినిమాలోనూ ఆమె పేరు పడలేదు. సినిమా అయ్యాక తెరమీద పేర్లు పరుగెత్తేటప్పుడు ఆమె మాత్రం హాల్లోంచి కదలదు. లైట్లు వేసి ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా చూసి, లేచి వస్తుంది.

అలాంటి మనిషితో ఒకరోజు రావు గారు అన్నారు. “భూలక్ష్మీ, నా మోకాళ్ళు ఇక నా మాట వినడం లేదమ్మా. ఈ సినిమాలో పెద్ద పాట ఉంది. ఆ సెట్టు పూర్తిగా నువ్వే చూసుకో. తెరమీద విడిగా వేయిస్తాను, సెట్ నిర్మాణం భూలక్ష్మి అని. సరేనా?”

సరేనా అని అడుగుతారా ఎవరైనా! ఆ సాయంత్రానికి బస్తీ మొత్తానికి తెలిసిపోయింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషికీ ఆమె స్వయంగా చెప్పింది. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పింది.

సెట్టు వేసి పాట తీసే చోటు దర్శకుడు పృథ్వీరాజ్ డ్రోన్ ఫోటోల్లో వెతికి పట్టుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళ కుర్రాడు, మంచివాడు, కాకపోతే మనసులో పడిన బొమ్మ తెరమీదికి వచ్చేదాకా అతనికి అన్నం సయించదు. ఫోటోలో నీలంగా మెరుస్తున్న చెరువును చూసి భూలక్ష్మి నోరు తెరిచింది. అది ఆమె మూడో గుంత.

చోటు చూసి రావడానికి రావు గారు, పృథ్వీరాజ్, భూలక్ష్మి వెళ్ళారు. హనుమంతే వ్యాను నడిపాడు. భూలక్ష్మి ఒకప్పుడు మేకులు కొట్టిన మెట్లన్నీ నీళ్ళ కిందికి పోయాయి. దుమ్ము తప్ప మరేమీ ఎరగని చోట లకుముకి పిట్టలు తిరుగుతున్నాయి. భూలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు అడ్డం పెట్టుకోకుండా రెండూ కానిచ్చింది.

పృథ్వీరాజ్ చూపు మాత్రం ఒక మూల మీద పడింది. అక్కడ పాత కట్ట ఒకటి అడ్డంగా ఉండి, చెరువులోంచి చిన్న మడుగును వేరు చేసింది. మట్టికుప్ప పాదం పక్కగా, ఒకప్పుడు డంపర్లు తిరిగిన దారి ఆ మడుగులోకి దిగిపోతోంది.

“ఆ రోడ్డు నాకు కావాలి సర్! దానిమీద అరవై మంది డాన్సర్లు నీళ్ళలోంచి నడిచొస్తున్నట్టుండాలి. పన్నెండు అడుగుల నీళ్ళు తీసేస్తే రోడ్డు బయటపడుతుంది. నాలుగు పెద్ద పంపులు, వారం రోజులు, అంతే!” అన్నాడు.

భూలక్ష్మి అప్పుడు మట్టికుప్ప పైన ఉంది. ఏ ఊరు వెళ్ళినా అక్కడి మట్టి రెండు సంచులు తెచ్చుకోవడం సెట్టు పనివాళ్ళ పద్ధతి. రంగు కలపడానికి నమూనా కావాలి కదా. సంచి నింపుతూ రెండడుగులు వేసేసరికి గడ్డిలో పగులు కనబడింది. కొడవలిలా వంపు తిరిగి, అరచేయి దూరేంత వెడల్పున, కుప్ప అంచు వెంట చాలా దూరం పోయింది. ఇలాంటి వంపు ఆమెకు పాత పరిచయం.

కిందికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. “సారు, పైన పగుళ్ళున్నయి.”

“అందుకేగా నీళ్ళు తీసేస్తున్నాం! నీళ్ళు లేకపోతే ఇంకా సేఫ్ కదండీ,” అన్నాడు పృథ్వీరాజ్. రావు గారు తలాడించారు. సెట్టు మీద కట్టే చెరువు విషయంలో అది నిజమే, తొట్టి ఖాళీ చేస్తే దిగులు తీరుతుంది. వాళ్ళకు తెలిసిన చెరువులన్నీ తొట్లే. భూలక్ష్మి ఇంకో మాట అనబోయింది. కళ్ళముందు తెరమీది తన పేరు కదలాడింది. మాట మింగేసింది.

మింగిన మాట అరగలేదు. ఆదివారం పొద్దున కూర తరుగుతూ తరుగుతూ కత్తి కింద పెట్టేసింది.

“ఇగో, గా నీళ్ళు తోడితే గట్టు కూలుతదయ్యా,” అంది హనుమంతుతో. “ఇన్నేండ్ల సంది మట్టి లోపట దాంక నానింది. బయట నీళ్ళు ఒత్తి పట్టుకున్నయి గనుకనే నిలబడ్డది. బయటి నీళ్ళు వారంల తోడేస్తరు. లోపటి నీళ్ళు గంత జల్ది బయటికొస్తయా? బరువు గట్లనే ఉంటది, ఆసర పోతది. మనకాడ వానకాలం గిదే గాకపాయెనా? వాన పడ్డనాడు నిలబడ్డ గట్టు, పంపులు పెట్టి తోడిన్నాడు జారుతుండె.”

“మరి చెప్పకపోతివి?”

“చెప్తే పాట ఆడ తియ్యరు. సెట్టు పోతది. నా పేరు పోతది.” అనేసి, అలా అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

హనుమంతు ఆమె ఎదుట చతికిలబడ్డాడు. “నాడు నువ్వు జెండా దించితే నేనీడ కూసుందునా? అరవై మందికి జిలేబీ కొనిచ్చే మొగోళ్ళు ఎవలున్నరో ఏమో, ఆళ్ళ దిక్కు గూడ జర సోంచాయించు,” అన్నాడు.

మాటలతో చెబితే సినిమావాళ్ళకు ఎక్కదు, చూపించాలి. వర్క్‌షాప్ సామాన్ల గదిలో, ఎప్పుడో విలన్ ఇంటి సెట్టుకు కొన్న చేపల తొట్టి ఉంది. భూలక్ష్మి మూడో గుంత మట్టిని అందులో ఒక పక్కకు గట్టులా పేర్చింది. పాట సెట్టుకోసం నమూనాగా చేసిన బొటనవేలంత డాన్సర్ బొమ్మలు అరవైనీ గట్టు కింద దారిమీద నిలబెట్టింది. శుక్రవారం సాయంత్రానికి తొట్టి తయారు.

శనివారం పొద్దున దాన్ని జూబ్లీ హిల్స్‌లోని ఆఫీసుకు తీసుకెళ్ళారు. నిర్మాత శారదాదేవి గారి బంగళాలో కింది అంతస్తే ఆఫీసు. ఆవిడది కృష్ణా జిల్లా. ఎవరేం చెప్పినా కాఫీ ఇప్పించి శ్రద్ధగా వింటారు, ఆ తర్వాత తనకు తోచిందే చేస్తారు. భూలక్ష్మి తొట్టిలో నెమ్మదిగా నీళ్ళు నింపింది. మట్టి నానేదాకా గంటసేపు అందరినీ కూర్చోబెట్టింది. “ఇగ సూడుండ్రి,” అని గొట్టం పెట్టి నీళ్ళు బయటికి లాగింది. నీళ్ళు తగ్గాయి. ఇంకా తగ్గాయి. అడుక్కి వచ్చేశాయి.

గట్టు నిక్షేపంలా నిలబడింది. మట్టిరేణువు కదలలేదు. అరవై బొమ్మలూ నవ్వుతూ నిలబడే ఉన్నాయి.

“భూలక్ష్మి గారూ, మీ గట్టు సూపర్ స్ట్రాంగ్ అని మీరే ప్రూవ్ చేశారు!” అన్నాడు పృథ్వీరాజ్, నవ్వు ఆపుకోలేక.

“పోన్లేమ్మా, మంచి మనసుతోనే చెప్పావు. కాఫీ తాగి వెళ్ళు. గురువారం పంపులు బయల్దేరతాయి, పూజకు రా,” అన్నారు శారదాదేవి గారు. భూలక్ష్మి ఆ కాఫీ ఎలా తాగిందో ఆమెకే తెలియదు.

తిరుగుదారిలో హనుమంతు వ్యాను నడుపుతున్నాడు. వెనక సీట్లో తొట్టి పక్కన కూర్చున్న భూలక్ష్మి, ఏమీ తోచక గోళ్ళు గిల్లుకుంటోంది. గోటి సందులోంచి తెల్లటి పొర ఒకటి ఊడి వచ్చింది. ఇంకోటి వచ్చింది. వాసన చూసింది. చటుక్కున తొట్టిలో చెయ్యి పెట్టి గట్టును గీరింది. మట్టి రాలలేదు, గోరు విరిగింది.

“ఆపు బండి!” అని కేక పెట్టింది. “బంక కొట్టిన్నయ్యా! నిన్న మట్టి పేర్చినంక పిచికారీ కొట్టిన. నాకే యాది లేదు!”

హనుమంతు బండి ఆపి స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. హారన్ మోగుతూనే ఉంది, అతను నవ్వుతూనే ఉన్నాడు. వెనక కార్లవాళ్ళు తిట్లు లంకించుకున్నా ఆగలేదు. భూలక్ష్మికి మొదట ఏడుపొచ్చింది, తర్వాత ఆమెకూ నవ్వు ఆగలేదు. పన్నెండేళ్ళుగా కూలని కొండలు కట్టిన చెయ్యి, కూలవలసిన కొండను కూడా కూలనివ్వలేదు.

ఆ నాలుగు రోజులూ ఆమె చేసిన జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. తొట్టిని మూడుసార్లు కడిగింది. చేతులను కిరసనాయిలుతో తోమింది. పిచికారీని రావు గారి బీరువాలో పెట్టించి తాళంచెవి హనుమంతుకు ఇచ్చి, తాను అడిగినా ఇవ్వొద్దని ఒట్టు వేయించుకుంది. రెండో సంచి మట్టితో మళ్ళీ పేర్చింది. మొదటిసారి నీళ్ళు లాగగానే గట్టు మొత్తం బొబ్బట్టులా అడుక్కి జారింది. భూలక్ష్మి చప్పట్లు కొట్టింది. గట్టు కూలినందుకు ఇంత సంబరపడిన మనిషి ఆ బస్తీలో అంతకు ముందు లేదు. మరుక్షణమే, దానితోపాటు తన సెట్టు కూడా జారిపోయిందని గుర్తొచ్చింది. అయినా మళ్ళీ పేర్చింది. మళ్ళీ కూలింది.

గురువారం పొద్దున బంగళా ముందు నాలుగు పంపులూ లారీల మీద కూర్చుని ఉన్నాయి. వాటికి పసుపు కుంకుమలు పెట్టారు, పూలదండలు వేశారు. పంతులుగారు కొబ్బరికాయ ఎత్తారు. అంతలో హనుమంతు వ్యాను వచ్చి లారీలకు అడ్డంగా ఆగింది. భూలక్ష్మి దిగి రోడ్డు మధ్యలో నిలబడింది. ఆమె చేతిలో జెండా లేదు, అయినా హనుమంతుకు ఆ నిలబడ్డ తీరు చూడగానే పాత రోజులు గుర్తొచ్చాయి.

“పంతులుగారు, జర ఆగుండ్రి. మేడమ్, నాడు నేను తప్పు చేసిన. అలవాటుల మట్టికి బంక కొట్టిన. నిజం గట్టుకు బంక ఎవలు కొడ్తరు? ఒక్కసారి మళ్ళ సూడుండ్రి. కూలకపోతే నేనే టెంకాయ కొడ్త, పంపుల ముంగట.”

బంక మాట వినగానే రావు గారు నుదురు కొట్టుకున్నారు. “అయ్యో, మా అందరి చేతులూ అంతే కదా మేడమ్,” అన్నారు. శారదాదేవి గారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, హనుమంతు వ్యానులోంచి దించిన తొట్టి దగ్గరికి వచ్చారు. గట్టు ముందే నాని, నిండు నీళ్ళలో నిబ్బరంగా ఉంది, దాని కింద దారిమీద అరవై బొమ్మలూ ఉన్నాయి.

“మీరే తోడుండ్రి సారు,” అంటూ భూలక్ష్మి గొట్టం పృథ్వీరాజ్ చేతికిచ్చింది.

అతను లాగాడు. నీళ్ళు మూడోవంతు తగ్గాయి, ఏమీ కాలేదు. సగం తగ్గాయి. గట్టు పైన సన్నగా, కొడవలి వంపున ఒక గీత పడింది. “గదో, గదే,” అంది భూలక్ష్మి. గీత వెడల్పయింది. గట్టు ముందుకు వంగినట్టే వంగి, ఒక్క ఊపున దారిమీదికి జారింది. నీళ్ళు బురదయ్యాయి. అరవై బొమ్మల్లో పైకి కనబడినవి ఏడు.

పంతులుగారి చెయ్యి కొబ్బరికాయతో సహా గాల్లోనే ఉంది. పృథ్వీరాజ్ మోకాళ్ళమీద కూర్చుని, తొట్టిలో చెయ్యి పెట్టి, బురదలోంచి బొమ్మలను ఒక్కొక్కటే తీసి తన తెల్లచొక్కాకు తుడవడం మొదలుపెట్టాడు.

“వీళ్ళని అక్కడ నిలబెట్టేది నేనే కదా,” అన్నాడు చిన్న గొంతుతో.

“నిలవెట్టలేదు గద సారు,” అంది భూలక్ష్మి. “నేను కొలిచేదాన్ని, లెక్క కట్టేటోళ్ళు వేరే ఉంటరు. ఆడి బొగ్గు ఇంజినీర్లకు గా పగుళ్ళు చూపియ్యుండ్రి. ఆళ్ళు ఏమంటే గదే.”

“లారీలు వెనక్కి పంపండి,” అన్నారు శారదాదేవి గారు. పంతులుగారి వైపు తిరిగి, “మీరు కొబ్బరికాయ కొట్టండి. వెళ్ళనందుకు కొడదాం,” అన్నారు.

ఇంజినీర్లు వచ్చి చూశారు. ఆ మూల చుక్క నీళ్ళు కూడా తోడొద్దన్నారు, కుప్ప కింద మనిషి తిరగకూడదన్నారు. పగుళ్ళు చూపించినందుకు భూలక్ష్మి ఫోన్ నంబరు అడిగి రాసుకున్నారు. ఆ మాట విన్న రోజు ఆమె గదిలో కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత తెరమీద పడని తన పేరు తలుచుకుని ఏడ్చింది. ఏడుపొచ్చింది కాబట్టి ఏడ్చింది, అందులో దాచుకోవడానికేముంది?

ఇంకా కళ్ళు తుడుచుకోకముందే మెట్లమీద ఆయాసం వినిపించింది. మోకాళ్ళు మాట వినని రావు గారు యాభై ఎనిమిది మెట్లూ ఎక్కి, గడప పట్టుకుని నిలబడ్డారు. భూలక్ష్మి కంగారుగా మంచినీళ్ళు ఇచ్చింది. సగం తాగి అన్నారు.

“మేడమ్ గారు చెరువును ఇక్కడే కట్టమంటున్నారు. ఫిలింనగర్‌లో పెద్ద షూటింగ్ ఫ్లోర్ తీసుకున్నారు. గని, మెట్లు, రోడ్డు, నీళ్ళు, అన్నీ. ఎలా కూలుతుందో తెలిసిన మనిషే కట్టాలట, తెరమీద పేరూ ఆమెదే పడాలట. నువ్వు కట్టకపోతే పాటే లేదన్నాడమ్మా ఆ పృథ్వీ.”

భూలక్ష్మి ఆయన్ను కూర్చోమనడం కూడా మరిచిపోయి, పక్కనే ఉన్న హనుమంతు జేబులోంచి బీరువా తాళంచెవి లాక్కుంది.

ఏడు వారాల్లో మూడో గుంత ఫిలింనగర్‌లో లేచింది. నల్లటి బొగ్గు పొర, దానిమీద బూడిదరంగు రాతి పొర, పైన ఎర్రమట్టి, తాను కొలిచిన మెట్లన్నీ కొలత ప్రకారం కట్టింది. మిగిలిన సంచి అడుగు మట్టితో రంగు కలిపింది. టార్పాలిన్ పరిచిన తొట్టిలో నీళ్ళు నిండాయి. ఈసారి మాత్రం ఎవరూ ఆమె చేతికి అడ్డు చెప్పలేదు. డ్రమ్ములకు డ్రమ్ములు బంక నీళ్ళు గట్లమీద కొట్టింది. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు “అక్కా, ఇంకో డ్రమ్ము కొట్టు!” అని ఆటపట్టించారు. ఇంకో డ్రమ్ము కొట్టింది.

షూటింగు రోజు పొద్దున డాన్సర్లు రాకముందే, భూలక్ష్మి ప్లాస్టర్ గట్టు అంచున రెండు మేకులు కొట్టింది. వాటి మధ్య టేపు పెట్టి తొమ్మిది అంగుళాలు అని చెక్కమీద రాసింది. ప్రతి షాటుకూ ముందు వచ్చి మళ్ళీ కొలుస్తుందని తెలిసి అందరూ నవ్వారు. పృథ్వీరాజ్ నవ్వలేదు. సామాన్ల గదిలోంచి ఒక ఆకుపచ్చ గుడ్డ తెప్పించి, కర్రకు తానే కట్టి ఆమెకిచ్చాడు.

“ఇది లేవకుండా నేను యాక్షన్ చెప్పను,” అన్నాడు.

అరవై మంది దారిమీద వరుసలు కట్టారు. తళతళలాడే బట్టలు, కాళ్ళకు గజ్జెలు. ముందు వరుసలో ఒక అమ్మాయి అద్దం చూసుకుంటోంది, పక్కనే ఒక అబ్బాయి బిస్కెట్టు నములుతున్నాడు. తలుపు దగ్గర హనుమంతు నిలబడి ఉన్నాడు, చేతిలో నూనె మరకలు పడిన పెద్ద పొట్లం. అరవై మందికీ సరిపడేంత పొట్లం అది. భూలక్ష్మి వంగి టేపు పెట్టింది. తొమ్మిది అంగుళాలు. అన్నేళ్ళ కొలువులో ఆమె ఎత్తింది ఎర్ర జెండా ఒక్కటే, బండ్లను పొమ్మని పచ్చ జెండా ఎత్తే పని ఆ గనిలో వేరే వాళ్ళది. ఆమె లేచి నిలబడి, ఆ అరవై ముఖాలనూ ఒకసారి కళ్ళారా చూసుకుని, ఆకుపచ్చ గుడ్డ ఎత్తింది.